మా ఇంటి వామనుడు

అడగడంలో పిల్లిని మించినవాళ్ళు ఈ లోకంలో లేరని నా నమ్మకం. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నదాన్ని. అయిదు మార్కులు కలపమని అడిగేవాళ్ళనీ, హాజరు వెయ్యమని అడిగేవాళ్ళనీ, అక్కగారి పెళ్ళి ఉంది కాబట్టి పరీక్షే వాయిదా వెయ్యమని అడిగేవాళ్ళనీ చూశాను. వాళ్ళంతా రెండుసార్లు కాదంటే చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. పిల్లికి చిన్నబుచ్చుకోవడమనేది తెలియదు. కాదన్న మనిషి కాళ్ళనే మళ్ళీ రాసుకుంటుంది. ఆ మనిషి ముఖంలోకే మళ్ళీ చూస్తుంది. ఆ చూపులో, నాలుగు రోజులుగా ఆ ఇంట్లో తనకు మెతుకు రాల్చిన నాథుడే లేడన్నంత దైన్యం ఉంటుంది. పట్టుమని పది నిమిషాల కిందటే గిన్నె నాకి శుభ్రం చేసిందని మనకి తెలుసు. తెలిసికూడా మన చెయ్యి డబ్బామీదికి పోతుంది. అదీ దాని ప్రజ్ఞ.

ఈ ప్రజ్ఞని శాస్త్రజ్ఞులు కూడా పట్టుకున్నారు. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయంవారు 2009లో ఒక సంగతి ప్రకటించారు. పిల్లి హాయిగా పడుకున్నప్పుడు పెట్టే గురగుర వేరట, తిండికోసం పెట్టే గురగుర వేరట. రెండోదాని అడుగున సన్నటి ఏడుపు స్వరం ఒకటి దాగి ఉంటుందట. అది చంటిబిడ్డ ఏడుపుకి దగ్గరగా ఉంటుందట. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్ళకి వినిపించినా, ఇదేదో తొందరపెట్టే చప్పుడు అన్నారట. అంటే మన ఇంటి పిల్లి మన చెవిని కాదు, మనలోని తల్లిని పట్టుకుని లాగుతున్నదన్నమాట! ఇక తప్పించుకోవడం ఎవరి తరం?

మా పిల్లి పేరు వామనుడు. పెట్టినది మా నాన్నగారు. హైస్కూల్లో తెలుగు మాష్టారుగా చేరి, హెడ్మాష్టరుగా రిటైరైన మనిషి. కుక్కకి టామీ అనీ, పిల్లికి కిట్టీ అనీ పేర్లు పెడితే ఆయనకి గిట్టదు. 2021 కార్తీకంలో, మా రాజమండ్రిలో రెండు రోజులు ఒకటే ముసురు. మా అపార్టుమెంటు మెట్లకింద గుప్పెడంత పిల్లికూన ఒకటి తడిసి ముద్దయి కనిపించింది. నాన్నగారు తుండుగుడ్డలో చుట్టి పైకి తెచ్చారు. కాస్త ఆరాక అది లేచి, ఆయన కంచంవైపు చూసి, మూడే మూడుసార్లు మ్యావుమంది. "మూడడుగులు అడుగుతున్నాడే అమ్మాయ్, వీడు వామనుడు!" అన్నారాయన.

పేరు పెట్టినప్పుడు తర్వాతి కథ ఆయనకి గుర్తు రాలేదు కాబోలు. మూడడుగులు అడిగినవాడు ఆ పొట్టితనంలోనే ఉండిపోయాడా? మావాడూ ఉండిపోలేదు. రెండేళ్ళలో ఒక పాదం సోఫామీదా, ఒక పాదం వంటింటి గట్టుమీదా మోపి త్రివిక్రముడైపోయాడు. మూడో పాదం ఎక్కడ మోపాడో చెప్పనక్కర్లేదు. నాన్నగారి కంచంలోనే.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలినదంతా ఊరికే నవ్వులాటగా కనిపిస్తుంది. ఆ ముసురుకి నెల ముందే మా అమ్మ పోయింది. యాభై ఏళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చుంటేనే ముద్ద మింగిన మనిషి నాన్నగారు. మావారు బ్యాంకుకీ, నేను కాలేజీకీ, అబ్బాయి స్కూలుకీ పోతే మధ్యాహ్నం ఆయన ఒక్కరే. నేను కంచంలో అన్నీ వడ్డించి మూతపెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రం నాలుగున్నరకి వచ్చి మూత తీస్తే వడ్డించినది వడ్డించినట్టే ఉండేది. "ఆకలి లేదే" అనేవారు. ఆయనకి మధుమేహం ఉంది. మాత్ర వేసుకుని అన్నం మానేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు. చెప్పి చూశాను, బతిమాలి చూశాను, కోప్పడి చూశాను.

అలాంటి మనిషి, వామనుడు వచ్చిన వారానికి, కంచం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. కారణం అడిగితే, "నేను కూర్చుంటేగాని వాడు ముట్టడు" అన్నారు. ఎవరు కూర్చుంటే ఎవరు తింటున్నారో నేను అడగలేదు. ఎదురు కుర్చీలో వాడు, ఈ కుర్చీలో ఈయన. ఆయనకో ముద్ద, వాడికో ముద్ద. పప్పూ నెయ్యీ కలిపిన ముద్ద, చివర పెరుగన్నం. ఒక్క పాయసం మాత్రం వాడు మూచూసి వదిలేసేవాడు. పిల్లి నాలుకకి తీపి తెలియదని 2005లోనే కనిపెట్టారు, తీపిని పట్టే జన్యువు వాటికి చెడిపోయి ఉంటుందట. నెయ్యి రుచిమాత్రం మావాడి నాలుకకి బాగానే తెలుసు.

2024 సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు వాడు మంచంమీదికి ఎగరబోయి అందక, కింద చతికిలబడ్డాడు. అబ్బాయి నవ్వాడుగాని నాకు నవ్వు రాలేదు. నాలుగు రోజులుగా వాడి నడుము పైభాగాన వెంట్రుకలు చిక్కులు పడి ఉండడం చూస్తున్నాను. పిల్లి స్నానం నాలుకతోనే కదా? నాలుక అక్కడిదాకా చేరడం లేదు. బుట్టలో కూర్చోబెట్టి, నాన్నగారినీ ఎక్కించుకుని, ఆటోలో పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను.

ఆవిడ చిన్నమ్మాయి. నా దగ్గర చదువుకునే పిల్లలకంటే అయిదారేళ్ళు పెద్ద అయి ఉంటుంది. వాడిని తూకంమీద పెట్టింది. ఏడు కిలోల రెండువందల గ్రాములు. "వీడి కట్టుకి నాలుగున్నర కిలోలుండాలండీ" అంది. అంకెతో ఊరుకోకుండా నా చెయ్యి పట్టుకుని వాడి పక్కటెముకలమీద పెట్టించింది. సరైన ఒళ్ళున్న పిల్లికి పైన పల్చటి పొర ఉండి, వేళ్ళకి ఎముకలు తగులుతాయట. వీడికి పరుపులో చెయ్యి పెట్టినట్టుంది. పైనించి చూస్తే పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి పోవాలట. వీడికి నడుమే లేదు, మద్దెలలా ఉన్నాడు. ఒంటి తీరుకి తొమ్మిది మెట్ల కొలత ఒకటి ఉందనీ, అయిదో మెట్టు సరైనదనీ, వీడు తొమ్మిదో మెట్టుమీద కూర్చున్నాడనీ చెప్పింది. రోగంవల్ల వచ్చే ఆకలి ఏమైనా ఉందేమోనని రక్తం తీసి పరీక్ష చేయించింది. ఏమీ లేదు. ఉన్నది తిండి ఒక్కటే.

తర్వాత వివరంగా చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించిన పిల్లికి ఒంటి ఖర్చు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఇంటిపట్టున ఉండేదానికి తిరుగుడూ ఉండదు. పైగా పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసంలోనే దొరకాలి, అది చాలకపోతే గుండే కళ్ళూ దెబ్బతింటాయి. పప్పన్నంతో పొట్ట నిండుతుందిగాని పోషణ చాలదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లీ వెల్లుల్లీ వాటి రక్తానికి విషం, కాబట్టి పులుసులూ కూరలూ బొత్తిగా పనికిరావు. చెంచాడు నెయ్యిలో నలభై అయిదు కెలొరీలుంటాయి. బరువు తగ్గవలసిన ఈ పిల్లికి రోజు మొత్తానికి కావలసినవి నూట డెబ్బై.

"అంటే మాష్టారూ, మీరు పెట్టే ఒక్క చెంచా నెయ్యి వాడికి పావు రోజు తిండి" అంది.

నాన్నగారు వినిపించుకోనట్టు గోడమీద బొమ్మ చూస్తూ కూర్చున్నారు. ఆ గదిలో దానం చేస్తానన్న బలిచక్రవర్తి ఒకరు, వద్దని వారించే శుక్రాచార్యులు ఒకరు. ఆ కథలో శుక్రాచార్యుల మాట ఎవరు విన్నారు గనక?

"ఇలాగే ఉంటే ఏమవుతుందమ్మా?" అన్నారు చివరికి.

"కీళ్ళు అరుగుతాయి. మధుమేహం రావచ్చు. వస్తే చాలా పిల్లులకి రోజుకి రెండుపూటలా ఇన్సులిన్ సూది వెయ్యవలసి వస్తుంది మాష్టారూ."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. బుట్టలో వేలు పెట్టి వాడి చెవి నిమురుతూ కూర్చున్నారు. రోజూ వేలు పొడిచి రక్తం చూసుకునే మనిషికి ఆ సూది సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

నాకున్న బెంగ వేరు. కంచంలోంచి వాడికి ఇక పెట్టకూడదన్నాక, ఆ కంచం ముందు నాన్నగారు ఎవరికోసం కూర్చుంటారు? మర్నాడు డాక్టరమ్మకి ఫోను చేసి సంగతంతా చెప్పాను. ఆవిడ నిదానంగా విని, "ఎవరు పెట్టినా, ఎక్కడ పెట్టినా ఫర్వాలేదండీ. ఎంత పెట్టారన్నదే లెక్క. ఆ లెక్కలోంచే మధ్యాహ్నం వాటా మాష్టారి చేతికివ్వండి" అంది. వయసు చిన్నదైనా వైద్యం తెలిసిన పిల్ల.

లెక్క ఇదీ. మేం కొనే పిల్లిగింజల్లో వంద గ్రాములకి సుమారు మూడువందల ఎనభై కెలొరీలు. కనక రోజుకి నలభై అయిదు గ్రాములు. గిన్నెతో కొలిస్తే పది గింజలు అటో ఇటో పడతాయి కాబట్టి, గ్రాములు చూపే చిన్న తూకం కొన్నాను. పొద్దున్నే మొత్తం ఒక డబ్బాలో తూచి పోసెయ్యాలి. రోజంతా ఎవరు పెట్టినా అందులోంచే. డబ్బా అయిపోతే ఆ రోజుకి అంతే. పాతతిండి ఒక్కసారి మాన్పించకుండా వారం పదిరోజులు కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, పస్తు పెట్టకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంటిలోని కొవ్వంతా కాలేయంమీద పడి ప్రాణంమీదికి వస్తుందట. వారానికి ఒంటి బరువులో నూటికి ఒక వంతు తగ్గితే చాలు, అంతకి రెండింతలు దాటకూడదు. ఏకాదశి ఉపవాసాలు మనుషులకేగాని పిల్లులకి కావన్నమాట.

నాన్నగారు గింజ ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూశారు. "ఈ గులకరాళ్ళలో ఏముందే? నేతిముద్ద తిన్న నోరు ఇది తింటుందా?" అన్నారు. అని, కాసేపాగి, "ఆ తూకం ఇలా తే" అన్నారు.

ఆ క్షణంనించి ఇంట్లో స్కూలు పెట్టినట్టయింది. నల్ల అట్ట పుస్తకం ఒకటి తెప్పించి, గీతలు గీసి, తేదీ, పూట, గ్రాములు, ఎవరు పెట్టారు, రిమార్కులు అని గళ్ళు వేశారు. పొద్దున్న ఆరింటికి పది గ్రాములు. తొమ్మిదింటికి అయిదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన భోజనంతోపాటు పదిహేను, అదీ అమ్మ వాడిన చిన్న ఇత్తడి గిన్నెలో పోసుకుని, తాను ముద్ద తిన్నప్పుడల్లా రెండేసి గింజలు ఎదురు కుర్చీలో. సాయంత్రం అయిదు. రాత్రి పడుకోబోయేముందు పది. ఈ ఆఖరుది వెనక్కి జరిపాక తెల్లవారుజామున నాలుగింటికి తలుపు గోకడం మెల్లిగా తగ్గింది.

తగ్గిందని తేలిగ్గా రాశానుగాని, మొదటి పక్షం రోజులూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు. ఉట్లు తెగవేమోగాని మనుషుల ఓర్పు తెగుతుంది. వాడు మావారి దిండు పక్క కూర్చుని ఏడ్చేవాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూంటే సరిగ్గా దిద్దుతున్న పేపరుమీదే వచ్చి కూర్చునేవాడు. వంటింట్లో డబ్బా మూత చప్పుడైతే చాలు, ఎక్కడున్నా ప్రత్యక్షం. డాక్టరమ్మ ముందే చెప్పింది. పదిసార్లు ఏడ్చి ఒక్కసారి దొరికితే, పదిసార్లు ఏడవాలని వాడు నేర్చుకుంటాడు. అరుపుకి పెట్టకండి, గడియారానికి పెట్టండి అని. ఇది వినడానికి సుళువు. మావారు రెండోరోజు రాత్రి దుప్పటి ముసుగేసుకుని, "ఒక్క గింజ పెడితే కొంప మునుగుతుందా?" అన్నారు. నాన్నగారు అవతలి గదిలోంచి, "మునుగుతుంది!" అన్నారు. బలిచక్రవర్తి ఎప్పుడు శుక్రాచార్యుల పక్షంలో చేరిపోయాడో నేను గమనించనే లేదు.

అడిగినప్పుడల్లా అది ఆకలే కానక్కర్లేదన్నది కూడా అప్పుడే తెలిసింది. సగంసార్లు వాడికి తోచక అడిగేవాడు. అప్పుడు గిన్నె చూపించకుండా తాడు చివర కాగితం ఉండ కట్టి లాగితే, రెండు నిమిషాలు దానివెంట పడి, ఆయాసపడి, తిండి మాట మరిచిపోయేవాడు. రెండు నిమిషాలు క్రమంగా పది నిమిషాలైంది. అబ్బాయి అట్టపెట్టెకి చిల్లులు పొడిచి లోపల సాయంత్రం గింజలు వేస్తే, పంజాతో ఒక్కొక్కటే తీసుకోవడానికి పావుగంట పట్టేది. వేటాడి తినే జాతికి, కష్టపడి సంపాదించిన అయిదు గ్రాములు దానంగా వచ్చిన పదిహేనుకంటే రుచిగా ఉంటాయేమో!

ఇంత చేసినా మూడోవారం తూచితే బరువు తగ్గలేదు సరికదా, పెరిగింది. పుస్తకంలో చూస్తే లెక్క ఒక్క గింజ తప్పలేదు. నాన్నగారు హెడ్మాష్టరు బుర్రతో ఆలోచించి, మధ్యాహ్నం వాడివెంట మెట్లు దిగారు. కింది అంతస్తులో వాడి పేరు బుజ్జిగాడట. అక్కడ పెరుగన్నం. దాని పక్కవాటాలో పేరు రాజా, అక్కడ చేపముక్క. వాచ్‌మన్ భార్య దగ్గర పేరేమీ లేదుగాని బిస్కత్తు ఉంది. ప్రతివాళ్ళూ, "పాపం, ఇంట్లో ఏమీ పెట్టరు కాబోలు మాష్టారూ, అలా ఏడుస్తాడు!" అన్నారట మా నాన్నగారితోనే.

మహాబలిపురంలో పల్లవులు చెక్కించిన పెద్ద కొండశిల్పం చూసినవాళ్ళకి అందులోని పిల్లి జ్ఞాపకం ఉంటుంది. చేతులు పైకెత్తి తపస్సు చేస్తూంటుంది, కాళ్ళ దగ్గర ఎలుకలు నమ్మకంగా తిరుగుతూంటాయి. భారతంలోనూ ఉందా దొంగతపస్సు పిల్లి కథ. హితోపదేశంలో దీర్ఘకర్ణుడనే పిల్లి చాంద్రాయణవ్రతం చేస్తున్నానని చెప్పి ముసలి గద్దని బుట్టలో వేస్తుంది. ఇన్ని కథలు క్లాసులో చెప్పే నా ఇంట్లోనే, మూడంతస్తుల్లో మూడు వేషాలు!

నాన్నగారు చీటీ ఒకటి రాశారు. గుండ్రటి అక్షరాలతో, "నా భోజనమైనది. దయచేసి ఏమియు పెట్టవద్దు. డాక్టరుగారి ఆజ్ఞ" అని. చిక్కుకుంటే సులభంగా ఊడివచ్చే మెత్తటి పట్టీకి అంటించి వాడి మెడకి కట్టారు. మొదట అందరూ నవ్వారు. తర్వాత అందరూ మానేశారు. ఆగస్టులో గోదావరికి పులస వచ్చినప్పుడు మాత్రం చేపల ఇంటివారు మనసు రాయి చేసుకోలేక పోయారు. ఆ వారం పుస్తకంలో ఎర్రసిరాతో "పులస. నూరు గ్రాములు పెరుగుదల" అని రిమార్కు ఉంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందుంది. 2024 జనవరిలో ఏడు కిలోల రెండువందలు. ఏప్రిల్లో ఆరు కిలోల ఏడువందలు. ఆగస్టులో ఆరు కిలోల వంద. డిసెంబరు ఆఖరికి అయిదు కిలోల ఆరువందలు. ఇంకా దిగవలసింది ఉంది, తొందర లేదు. ఆరు కిలోల దగ్గర ఒకనాడు వాడు నేలమీదనించి మంచంమీదికి ఒక్క గెంతులో ఎక్కాడు. ఆ తేదీ ఎదురుగా రిమార్కుల గడిలో, "ఎగిరినాడు" అని ఒకే ఒక్క మాట రాసి కింద గీత గీశారు నాన్నగారు.

మార్చినించి ఆ పుస్తకంలో ఎవరూ చెప్పకుండానే కుడివైపున ఇంకొక గడి వెలిసింది. అందులో రోజూ పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె. చాలారోజులు అవి పిల్లి సంబంధమైన లెక్కలనే అనుకున్నాను. ఆయన షుగరు లెక్కలు. వాడికి ఒంటిగంట తప్పకూడదు గనక ఈయన భోజనమూ ఒంటిగంట తప్పడం లేదు. వాడికి నెయ్యి మాన్పించి తాను ఎదురుగా నెయ్యి పోసుకోవడం ధర్మం కాదని ఈయనా సగం చేశారు. సాయంత్రం తాడు లాగుతూ హాలంతా తిరగడం ఒక నడక.

మీ ఇంట్లో కూడా ఇలాంటి త్రివిక్రముడుంటే, వాడి ముఖంలోకి చూడకండి. ముఖం అబద్ధం చెబుతుంది. పక్కటెముకలమీద చెయ్యి వేసి చూడండి. ఎముకలు తగలకపోతే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, తూకం ఒకటి కొనండి. పెట్టేవాళ్ళు ఇంట్లో ఎవరో, ఎందుకు పెడుతున్నారో కనుక్కుని, వాళ్ళ చేతినించి గిన్నె లాక్కోకుండా, ఆ తూకం కూడా వాళ్ళ చేతికే ఇవ్వండి.

బలిచక్రవర్తిని సుతలానికి పంపాక, విష్ణువు ఆయన వాకిట కాపలాగా నిలిచాడని భాగవత కథ. అంత తీసుకున్నవాడు ఊరికే పోలేదన్నమాట. మా వామనుడూ రాత్రి పదింటి వాటా తిన్నాక, మెడ చీటీ తీయించుకుని, నాన్నగారి గది గుమ్మంలో అడ్డంగా పడుకుంటాడు. ఆయన రాత్రివేళ లేస్తే వాడూ లేస్తాడు. ఇప్పుడు లేవగలుగుతున్నాడు.